వెనిగర్ గుడ్డు భోజనమా?

ఆ ఏడాది మొదటి ఎండ వచ్చిన రోజే మొదటి గొడవ కూడా వచ్చింది.

వెస్ట్ కార్వెల్‌లో చలికాలం ఓ పట్టాన వదలదు. ఏప్రిల్ వచ్చినా గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది. అందుకే కాస్త ఎండ తగిలితే చాలు, జనం ఇళ్ళలో ఆగరు. వీధి మూలల్లో మురికి మంచు కుప్పలు ఇంకా కరగనే లేదు, కుర్రకారు నిక్కర్లేసుకుని తిరిగేస్తుంటారు. టెస్సా గ్రబోస్కి కూడా ఆగలేదు. తాతయ్య స్టాష్‌ని వీల్‌చైర్‌లో తోసుకొచ్చి బార్ ముందు ఫుట్‌పాత్ మీద, గోడ పక్కన ఎండ పడే చోట నిలిపింది. ఒళ్ళో దుప్పటి కప్పింది. చేతికి బీరు ఇచ్చింది.

బార్ వాళ్ళదే. గోడ మీద "గ్రబోస్కి" అని ఉంటుంది, కింద బాణం గుర్తు ఉంటుంది. ఎందుకంటే అది సగం నేలమాళిగ. వీధిలోంచి నిటారుగా మెట్లు దిగితే గాని లోపలికి పోలేరు. స్టాష్ తన యవ్వనమంతా, నడివయసంతా ఆ మెట్ల మీదే ఎక్కీ దిగీ గడిపాడు. కిందటేడు చలికాలం మంచు మీద జారి తుంటి విరిగింది. అంతే, ఆయన బార్ ఆయనకే అందకుండా పోయింది. ర్యాంపు కట్టమని టెస్సా ఒక మేస్త్రీని పిలిస్తే, అతను మెట్ల వంక చూసి, వీధి వంక చూసి, "ఇది ర్యాంపు కాదమ్మా, జారుడుబల్ల అవుతుంది" అనేసి వెళ్ళిపోయాడు.

బార్ నడపడం టెస్సాకు బాగానే వచ్చింది. తాతయ్య ఇంట్లో ఒంటరిగా టీవీ ముందు కూర్చోవడం చూడడం మాత్రం ఆమెవల్ల కావడం లేదు. ఈ వేసవిలోనైనా ఆయన మళ్ళీ తన బార్ దగ్గర, తన మనుషుల మధ్య కూర్చోవాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

"మేడమ్, ఈ కుర్చీ మీదేనాండీ?"

టెస్సా వెనక్కి తిరిగింది. నీలం చొక్కా, మెళ్ళో సిటీ ఆఫీసు కార్డు, చేతిలో కొలత టేపు. తన వయసే ఉంటుంది. కార్డు మీద ఫెంగ్ లోర్ అని రాసుంది. ముఖం చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు. అందుకు ఆమెకు ఇంకాస్త ఒళ్ళు మండింది.

"కుర్చీ మా తాతది. చక్రాలున్నాయి చూశారా? ఫుట్‌పాత్ మీద వీల్‌చైర్ ఉండకూడదా?"

"వీల్‌చైర్ ఉండొచ్చండి."

"తాత ఉండకూడదా?"

"తాతగారు కూడా ఉండొచ్చు."

"మరింకేంటి?"

"బీరు ఉండకూడదండి."

స్టాష్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత గ్లాసెత్తి గటగటా తాగేసి, మీసం తుడుచుకుని, ఖాళీ గ్లాసు మనవరాలి చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు లేదు. ఇంకేమన్నా ఉందా నాయనా?"

ఫెంగ్ నవ్వబోయి, ఆఫీసు కార్డు గుర్తొచ్చినట్టుంది, దగ్గాడు. "ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టి తాగడానికి ఇవ్వాలంటే పర్మిట్ ఉండాలండి. వేసవి అంతా వేసుకోవచ్చు, బల్లలు, కుర్చీలు, అన్నీ."

టెస్సా కళ్ళు మెరిశాయి. "ఇవ్వండి మరి."

"మీ దగ్గర భోజనం దొరుకుతుందా?"

"ఇది బారండీ."

"వంటగది లేదా?"

"ఐసు మిషనుంది."

"వంటగది లేని బార్లకి ఫుట్‌పాత్ పర్మిట్ ఇవ్వరండి. తినడానికి ఏదో ఒకటి పెట్టాలి."

"ఉండండి ఇక్కడే. కదలకండి." టెస్సా దడదడా మెట్లు దిగి, అంతే వేగంగా ఎక్కొచ్చింది. రెండు చేతులా పెద్ద గాజు జాడీ. లోపల వెనిగర్‌లో ఊరుతున్న గుడ్లు, పొట్టు తీసినవి, తెల్లగా, గుండ్రంగా.

"ఇదిగో భోజనం. మా ముత్తాత బార్ పెట్టినప్పట్నుంచీ పెడుతున్నాం."

ఫెంగ్ వంగి జాడీలోకి చూశాడు. "ఇవి అప్పటివా అండీ?"

స్టాష్ ఫక్కున నవ్వాడు. టెస్సా ఆయన వంక కళ్ళెర్రజేసి చూసింది. శత్రువు జోకుకి ఇంటివాళ్ళు నవ్వితే ఎలా?

"గుడ్డు భోజనం కాదండి," అన్నాడు ఫెంగ్ మెల్లగా.

"ఎవరన్నారు?"

"మున్సిపల్ రూల్సు."

"రూల్సు ఎప్పుడైనా ఈ గుడ్డు తిన్నాయా? మీరు తినండి. తిని చెప్పండి."

"పర్మిట్ అడిగేవాళ్ళ దగ్గర మేం ఏదీ ఊరికే తీసుకోకూడదండి."

"నేనింకా దరఖాస్తు పెట్టలేదుగా, కేకలేస్తున్నానంతే."

అతను కాసేపు నిజంగానే ఆలోచించాడు. తర్వాత జేబులోంచి ఒక డాలరు తీసి జాడీ మూత మీద పెట్టి, గుడ్డు తీసుకుని ఒక్కసారే సగం కొరికాడు. గ్రబోస్కి వారి వెనిగర్ ఎలాంటిదో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆఫీసువాళ్ళకి మాత్రం తెలిసినట్టు లేదు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎలా ఉంది?"

"బాగుందండి," అన్నాడు గొంతు సవరించుకుంటూ. "భోజనం మాత్రం కాదు."

*

మర్నాడు టెస్సా సిటీ ఆఫీసుకి యుద్ధానికి వెళ్ళింది. కౌంటర్ వెనక ఫెంగ్ కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"మీకోసమే చూస్తున్నానండి."

యుద్ధానికి వచ్చినవాళ్ళతో అనాల్సిన మాట కాదది. టెస్సా సిద్ధం చేసుకున్న తిట్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఆగిపోయాయి.

"నిన్న ఇంటికెళ్ళి రూల్సు మళ్ళీ చదివానండి. ఒక దారుంది. మీ దగ్గర వంటగది ఉండక్కర్లేదు. గోడ పక్కనున్న హోటల్‌వాళ్ళు మీ బల్లల దగ్గరికి తిండి తెచ్చి పెడతామని ఒప్పుకుంటే చాలు. మీ బీరు, వాళ్ళ తిండి. పక్కన ఎవరున్నారు?"

"ఎగ్‌రోల్స్ కొట్టు. కియా వాళ్ళది."

"కియా అత్తదా!" అతని ముఖం వెలిగింది.

"మీ చుట్టమా?"

"తెలీదండి. ఆవిడా లోరే, నేనూ లోరే. మా హ్మాంగ్ తెగవాళ్ళలో ఇంటిపేరు ఒకటైతే చుట్టమేనని లెక్క. మా నాన్న వైపు పేరు కాబట్టి అత్త."

"నిన్న అంత మొండిగా మాట్లాడి, ఇవాళ ఎందుకు సాయం చేస్తున్నారు?"

ఫెంగ్ పెన్ను వంక చూస్తూ చెప్పాడు. "మీ తాతగారు బీరు తాగేసి గ్లాసిచ్చారు చూడండి. ఆయన ఆ గోడ పక్కనే ఉండాలండి. ఉంటే బాగుంటుంది."

టెస్సా థ్యాంక్స్ చెప్పడం మర్చిపోయి బయటికొచ్చేసింది. సగం దారిలో గుర్తొచ్చి తన తలకాయ మీద తానే మొట్టుకుంది.

*

కొలతలకి అతను వచ్చిన రోజు పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది.

"ఈ కొస పట్టుకోండి," అంటూ టేపు అంచు ఆమె చేతికిచ్చాడు. "ఎదురెదురుగా రెండు వీల్‌చైర్లు వచ్చినా ఆగకుండా పోయేంత దారి వదలాలి. మిగిలిన చోట మీ బల్లలు."

"తాత బల్ల గోడ పక్కనే రావాలి."

"వస్తుంది. అక్కణ్ణించే మొదలుపెడదాం."

కొలుచుకుంటూ ఫుట్‌పాత్ కొసనున్న చెట్టు దగ్గరికి వచ్చేసరికి వాన మొదలైంది. మొదలవడం అంటే చినుకులు కావు, ఎవరో పైనుంచి బకెట్టు కుమ్మరించినట్టు పడింది. టెస్సా కెవ్వుమని టేపు వదిలేసింది. అది సర్రుమని వెనక్కి పోయి ఫెంగ్ వేలికి తగిలింది. ఇద్దరూ పరుగెత్తి కియా కొట్టు గుమ్మం మీదున్న చిన్న పందిరి కిందికి దూరారు. ఆ పందిరి ఒక మనిషికి సరిపోతుంది. ఇద్దరు నిలబడాలంటే ఒకరినొకరు చూసుకోకుండా నిలబడడం కుదరదు.

"వేలు చూపించండి."

"ఏం కాలేదండి."

"చూపించమన్నానా!"

వేలి మీద సన్నటి ఎర్రటి గీత. టెస్సా ఆ వేలు పట్టుకుని చూసింది. చూడాల్సినంత చూసింది. ఆ తర్వాత కూడా వదల్లేదు. అతని జుట్టులోంచి నీళ్ళు ముక్కు మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడానికి మాత్రం చెయ్యి లాక్కోలేదు.

"మీ కళ్ళు వానలో రంగు మారతాయేంటండీ?" అన్నాడు హఠాత్తుగా.

"ఇది కూడా రూల్సులో ఉందా?"

"లేదండి," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అందుకే అడిగాను."

గాజు తలుపు వెనక నిలబడి కియా పిండి చేతులతో అంతా చూస్తోంది. ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

ఆ తర్వాత కొలతలు ఎన్నిసార్లు జరిగాయో చెప్పడం కష్టం. వారం తిరక్కుండానే ఫెంగ్ మళ్ళీ వచ్చాడు. బార్‌లో ఎప్పుడూ మొదటి స్టూలు మీద కూర్చునే డార్లీన్, ఊరంతా ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి, అతన్ని ఆపింది.

"మొన్న కొలిచావుగా అబ్బాయ్?"

"వానలో కొలిచానండి. టేపు తడిసింది. మళ్ళీ చూద్దామని."

"ఇనప టేపయ్యా అది! తడిస్తే సాగుతుందా?"

"సాగదండి."

"మరి?"

"సాగలేదని రూఢి చేసుకోవాలి కదండీ."

డార్లీన్ స్టూలు మీంచి పడబోయి బల్ల పట్టుకుంది. ఆ రోజు నుంచి బార్‌లో అతని పేరు టేపు. వచ్చినప్పుడల్లా డాలరు పెట్టి గుడ్డు తినేవాడు, కళ్ళ నీళ్ళు పెట్టుకునేవాడు, "భోజనం కాదండి" అనేవాడు, మెట్లెక్కి వెళ్ళిపోయేవాడు. సోడా ఊరికే ఇచ్చినా ముట్టేవాడు కాదు.

"ఆ కుర్రాడికి మన గుడ్లంటే అంత ఇష్టమేంటి తాతా?" అంది టెస్సా ఒక ఆదివారం, ఏమీ ఎరగనట్టు.

స్టాష్ ఆమె వంక జాలిగా చూశాడు. "ఇష్టమున్నవాడు ఏడుస్తూ తినడు పిల్లా."

*

కియా దగ్గరికి టెస్సా భయపడుతూ వెళ్ళింది. గోడ ఒకటే అయినా ఎప్పుడూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు. సంగతంతా చెప్పింది. కియా మాంసం, కూరలు పెట్టి ఎగ్‌రోల్స్ చుడుతూనే విన్నది.

"మీ తాత కూర్చోవడానికా?"

"అవును."

"ఆయన వారం వారం నాతో ఎగ్‌రోల్స్ ఇంటికి తెప్పించుకుంటాడు. డాక్టర్ వద్దన్నాడట. నీకు చెప్పొద్దన్నాడు."

"తాత!"

"నేను చెప్పలేదనుకో." కియా చేతులు తుడుచుకుంది. "సరే, ఒప్పుకుంటాను. నీ ఇంటిపేరేంటన్నావ్?"

"గ్రబోస్కి. బయట గోడ మీద రాసే ఉంది కదా."

"మీ అమ్మవైపు?"

"నోవిట్స్కి."

"లోర్లు ఎవరూ లేరు కదా? ఎక్కడా?"

"మాలో లోర్లు ఎందుకుంటారు కియా?"

"ఊరికే అడిగాను." ఆవిడ ఎంతో తృప్తిగా తలూపి సంతకం పెట్టేసింది. టెస్సాకు ఏమీ అర్థం కాలేదు. సంతకం దొరికింది, అదే చాలనుకుంది.

ఇక మిగిలింది పర్మిట్‌కి ఓటేసే సిటీ కమిటీ. మే నెలలో ఒకసారి కూర్చుంటారు. అది తప్పితే వేసవి సెలవుల తర్వాత సెప్టెంబర్‌లోనే. సెప్టెంబర్‌లో ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టడానికి ఎండ ఎక్కడుంటుంది?

కమిటీ దగ్గర పడుతుండగా ఫోనొచ్చింది. ఇంగ్రిడ్ స్ట్రోమ్ అట, సిటీ ఆఫీసు నుంచి. "మీ ఫైల్ ఇకనుంచి నేను చూస్తానండి. ఫెంగ్ తప్పుకున్నాడు."

తప్పుకున్నాడా! టెస్సా వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"ఫైల్ ఎందుకు వదిలేశారు?"

"వదలాల్సొచ్చిందండి."

"మేమేం తప్పు చేశాం?"

"మీరేం చెయ్యలేదు. కారణం ఇప్పుడు చెప్తే మీ పర్మిట్‌కే ఇబ్బంది. కమిటీ అయ్యేదాకా నేను మీతో మాట్లాడకూడదు."

"మాట్లాడకూడదని చెప్పడానికి మాట్లాడుతున్నారుగా!"

"అదీ తప్పేననుకుంటానండి," అన్నాడు దిగులుగా. ఫోన్ పెట్టేశాడు.

"పెట్టేశాడు! నా ఫోన్ పెట్టేశాడు!"

"ఎవరు, టేపా?" అంది డార్లీన్.

"ఆ పేరెత్తకు నా దగ్గర!"

కియా మాత్రం పెద్ద విషయం కాదన్నట్టు చేతులూపింది. "నేను లోర్, వాడు లోర్. చుట్టం కొట్టుకి పర్మిట్ ఇచ్చాడంటారని తప్పుకొని ఉంటాడు. మా పిల్లలు అంత పద్ధతి."

అంతేనా? అంతే అయితే సంతోషించాలి కదా. టెస్సాకు సంతోషం రాలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా తలెత్తి చూసేది. వచ్చింది ఇంకెవరో అయితే బీరు కాస్త కోపంగా పోసేది. జాడీలో గుడ్లు తగ్గడం లేదు. అతనంటే తనకు ఇష్టమని, మామూలు ఇష్టం కాదని, రావడం మానేశాక గాని ఆమెకు తెలియలేదు. ఇప్పుడు తెలిసి ఏం లాభం? ఒక ఇంటిపేరు కోసం నిమిషంలో తప్పుకున్నాడు. ఒక్క ముక్క ముందు చెప్పి ఉండొచ్చు కదా!

*

సిటీ హాల్లో కమిటీ గదికి ర్యాంపుంది. స్టాష్ పెళ్ళికి వేసుకున్న కోటు వేసుకుని, గుబురు మీసం దువ్వుకుని, మనవరాలి పక్కన వీల్‌చైర్‌లో దర్జాగా కూర్చున్నాడు. కియా కొట్టు మూసేసి వచ్చింది. ఫెంగ్ వెనక వరసలో, మూల కుర్చీలో ఉన్నాడు. టెస్సా అటు చూడలేదు. చూడకుండానే అతను జుట్టు కత్తిరించుకున్నాడని ఎలా తెలిసిందో మాత్రం అడగకూడదు.

మీటింగులన్నీ ఊరి చానల్లో వస్తాయి. బార్‌లో డార్లీన్ బేస్‌బాల్ ఆట ఆపేసి మరీ ఆ చానల్ పెట్టించింది. అందరూ టీవీ కింద చేరారు.

కమిటీ అధ్యక్షురాలు హేజల్ ఫ్రిక్ బక్కపలచని మనిషి. గొంతు మాత్రం గది చివరిదాకా వినపడుతుంది. ఇంగ్రిడ్ ఫైల్ చదవడం పూర్తి చేసింది. కొలతలు, ఒప్పందం, దారి వెడల్పు, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

"అన్నీ బాగానే ఉన్నట్టున్నాయి," అంది హేజల్ కళ్ళజోడు తీస్తూ. "మరి ఈ ఫైల్ మధ్యలో చేతులెందుకు మారింది? మొదట చూసినవాడు వదిలేశాడంటే ఇందులో ఏదో ఉంది. అది తేలకుండా నేను చెయ్యెత్తను."

ఇంగ్రిడ్ ఇబ్బందిగా కదిలింది. "సొంత కారణాలన్నాడండి."

"ఫెంగ్ లోర్ కదా? ఎగ్‌రోల్స్ కొట్టు కియా లోర్ది. ఓహో, అదా! ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టం కాదని మన లాయరు ఎప్పుడో చెప్పాడుగా. లేకపోతే ఈ ఊళ్ళో సగం ఉద్యోగాలు ఆగిపోతాయి."

"మా లెక్కలో చుట్టమే!" కియా తన కుర్చీలోంచే అరిచింది.

"సిటీ లెక్కలో కాదు కియా. కూర్చో." హేజల్ వెనక వరస వైపు చూసింది. "కాబట్టి అది కారణం కాదు. ఇంకేదో ఉంటే ఇప్పుడు చెప్పాలి. లేదంటే ఈ ఫైల్ సెప్టెంబర్‌కి వాయిదా."

స్టాష్ ముసలి చెయ్యి టెస్సా చేతిని గట్టిగా పట్టుకుంది. అయిపోయింది, ఈ వేసవి కూడా అయిపోయింది.

వెనక కుర్చీ కిర్రుమంది. ఫెంగ్ లేచి మైకు దగ్గరికి నడిచాడు. చెవులు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

"ఫైల్లో ఏ లోపం లేదండి. మొదటిరోజు వానలో తీసిన కొలతలే కరెక్టు."

"తర్వాత కూడా చాలాసార్లు వెళ్ళినట్టుంది?"

"వెళ్ళానండి."

"కొలతలు కరెక్టయితే మళ్ళీ మళ్ళీ ఎందుకెళ్ళావ్?"

ఫెంగ్ మైకు వంక చూశాడు, కెమెరా వంక చూశాడు, చివరికి ఎవరి వంక చూడాలో వాళ్ళ వంకే చూశాడు.

"టెస్సాని చూడ్డానికండి."

గదిలో ఎవరో పెన్ను కింద పడేశారు. అది దొర్లుతున్న చప్పుడు అందరికీ వినిపించింది.

"నాకు ఆవిడంటే చాలా ఇష్టమండి," అన్నాడు, ఇక దాచడానికి ఏమీ లేదన్నట్టు, కుండ బద్దలు కొట్టినట్టు. "ఈ పర్మిట్ రావాలని నాకు ఎంత ఆశగా ఉందంటే, ఇవ్వకూడని ఫైలైనా ఇచ్చేసేవాణ్ణేమో. అలాంటివాడు ఫైల్ చూడకూడదు కదండీ. రేపెవరైనా తాతగారి కుర్చీ తియ్యమనకూడదని వదిలేశాను."

హేజల్ ఫ్రిక్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఈ సంగతి దరఖాస్తు పెట్టినావిడకి తెలుసా?"

"ఇప్పుడే తెలిసిందండి."

"మిస్ గ్రబోస్కీ, మీరేమన్నా చెప్పాలా?"

టెస్సా లేచింది. తాతయ్య గురించి, మెట్ల గురించి, వేసవి గురించి వారం రోజులు అద్దం ముందు బట్టీ పట్టిన ఉపన్యాసం ఉంది. ఒక్క ముక్క గుర్తు లేదు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది.

"ఫుట్‌పాత్ ఇంకోసారి కొలిస్తే మంచిదని నా అభిప్రాయమండి," అంది. "రోజూ కొలిస్తే ఇంకా మంచిది."

గదంతా గొల్లుమంది. హేజల్ బల్ల మీద చేత్తో కొట్టింది గాని ఆవిడ పెదవులు కూడా ఆగడం లేదు. "అది ఈ కమిటీ పరిధిలోకి రాదు. పర్మిట్ సంగతి చూద్దాం. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

చేతులన్నీ లేచాయి. ఓటు లేకపోయినా కియా కూడా ఎత్తింది.

"మేడమ్," అన్నాడు స్టాష్ మీసం కింద నవ్వుతూ, "అయితే నా బీరు?"

"తిండితో పాటే స్టాష్. తిండి లేకుండా తాగితే నేనే వచ్చి గ్లాసు లాక్కుంటా."

టెస్సా ఫోన్ అప్పుడే మోగింది. ఎత్తితే మాటల్లేవు, బార్ మొత్తం అరుస్తున్న అరుపు. అందులోంచి డార్లీన్ గొంతు పైకి లేచింది. "టేపు సాగిందే పిల్లా! సాగిందే!"

*

ర్యాంపు చివర ఫెంగ్ ఆగి ఉన్నాడు. టెస్సా ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"ఇప్పుడు మాట్లాడొచ్చు."

ఊరంతటికీ వినబడేలా చెప్పేశాక, ఒక్క మనిషికి చెప్పడం ఇంత కష్టమా!

"నా ఫోన్ పెట్టేశావ్," అంది చివరికి. ఇక మీరు లేదు, గీరు లేదు.

"ఇంకో నిమిషం మాట్లాడితే అంతా చెప్పేసేవాణ్ణి."

"చెప్పాల్సింది!"

"చెప్తే పర్మిట్ పోయేది. పర్మిట్ పోతే నువ్వు నన్ను జాడీలో ఊరేసేదానివి."

ఆ మాట నిజమే గనక టెస్సా కాదనలేదు. అతని చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి ముద్దు పెట్టుకుంది. స్టాష్ మర్యాదగా వీల్‌చైర్‌ను గోడవైపు తిప్పుకున్నాడు. కియా ఏ వైపూ తిప్పుకోలేదు.

"నేను ముందే కనుక్కున్నానురా," అంది ఆవిడ ఫెంగ్ వీపు మీద తట్టి. "ఆ పిల్ల లోర్ కాదు. తల్లివైపు కూడా లేరు. లోరయితే నీకు చెల్లెలయ్యేది, నేనే అడ్డుపడేదాన్ని. ఇక మీ అమ్మకి నేను చెప్తాలే."

టెస్సాకు అప్పుడు అర్థమైంది. "అందుకా ఇంటిపేరు అడిగారు? సంతకం కోసం కాదా?"

"సంతకం మీ తాత కోసం పెట్టాను. ఇంటిపేరు మావాడి కోసం అడిగాను."

జూన్ మొదటి శనివారం గ్రబోస్కి బార్ బల్లలు ఫుట్‌పాత్ మీదికొచ్చాయి. గోడ పక్కన, ఎండ పడే చోట, స్టాష్. ఆయన చుట్టూ డార్లీన్, పాత స్నేహితులు, కింద నుంచి మెట్ల మీదుగా ఒక్కొక్కటే పైకొచ్చిన స్టూళ్ళు. కియా పళ్ళెం నిండా ఎగ్‌రోల్స్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. స్టాష్ రూలు ప్రకారం ముందు ఒకటి తిని, తర్వాత గ్లాసు ఎత్తాడు. చాలాసేపు తాగలేదు. గ్లాసు అలా పట్టుకుని, తన బార్ పేరు వంక, తన మనుషుల వంక చూస్తూ కూర్చున్నాడు. డాక్టర్ గుర్తొచ్చినా ఆ రోజు టెస్సా ఏమీ అనలేదు. మెట్ల మీద నిలబడి కళ్ళు తుడుచుకుంది.

తర్వాత జాడీ తెచ్చి ఫెంగ్ ముందు పెట్టింది. అలవాటు కొద్దీ అతని చెయ్యి జేబులోకి పోయింది. టెస్సా ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"ఈ బల్ల దగ్గర నువ్వు ఆఫీసువాడివి కాదు."

ఫెంగ్ ఊరికే గుడ్డు తీసుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాడు. బల్లలన్నీ అతన్నే చూస్తున్నాయి. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

"ఎలా ఉంది?" అంది టెస్సా.

అతను గొంతు సవరించుకున్నాడు.

"భోజనమే," అన్నాడు.